పెరట్లో లూప్ లైను

చెప్పులు విప్పకండమ్మా, ఫర్వాలేదు. కంకర గుచ్చుకుంటుంది. పక్క దులిపితే కంకర, బట్టలు ఉతికితే జేబుల్లో కంకర. ఎవరికని చెప్పుకోను? రిటైరైన మగవాళ్ళు పేపరు చదువుకుంటారు, కునుకు తీస్తారు. మావారు పెరట్లో రైళ్ళు నడుపుతారు.

కూర్చోండి. మీరెవరో చెప్పనక్కర్లేదు. పేపర్లో మీవారి ఫోటో పడినప్పుడు పక్కన మీరూ ఉన్నారు. ఆరేళ్ళైనా మొహం మర్చిపోలేదు నేను. ప్యాసింజరు డ్రైవరుగారి భార్య. ఎర్ర సిగ్నల్ దాటేసి ఆగివున్న గూడ్సును గుద్దాడని ఎంక్వైరీలో రాశారే, ఆయన భార్య. అలా చూడకండి. వాళ్ళు రాసిందే అంటున్నాను.

ఉత్తరం మావారే రాశారు. వచ్చి ఒక్కసారి చూసి వెళ్ళమని. మీరొచ్చారని ఆయనకింకా తెలీదు, వెనకాల పనిలో ఉన్నారు. తెలిసేలోపు నా మాట వినండి. తర్వాత మీ ఇష్టం.

మొదట్లో ఏమీ లేదమ్మా. రిటైరైన రోజున తోటివాళ్ళు ఒక బొమ్మ రైలు కొనిచ్చారు. గులాబీ మొక్కల చుట్టూ గుండ్రంగా పట్టాలు వేశారు. బానే ఉందనుకున్నాను. ముప్పై రెండేళ్ళు స్టేషను క్యాబిన్లో సిగ్నల్ మీటలు లాగిన చేతులు, ఊరికే ఉండమంటే ఉంటాయా? ఆ యాక్సిడెంటు తర్వాత మనిషి మాటలు తగ్గించేశారు. రైలు తిరుగుతుంటే చూసి నవ్వారు. నాకదే చాలనిపించింది.

తర్వాత వంకాయ మడి పోయింది. రెండో లైను అన్నారు. బట్టలారేసే తీగ పోయింది, సిగ్నళ్ళకి కావాలన్నారు. వానకి మట్టి కుంగితే మళ్ళీ తవ్వి, కంకర దట్టించి, మట్టం చూసి మరీ వేశారు. టేపు ఒక కొస నన్ను పట్టుకోమనేవారు. ఇక్కడి జానెడు అక్కడ ఎన్ని గజాలో ఏదో లెక్క ఉంది ఆయనకి. నేను అడక్కుండా పట్టుకునేదాన్ని.

ఒకరోజు మేడ మీద దుప్పట్లు ఆరేస్తూ కిందికి చూశాను. అది ఏదో ఒక స్టేషను కాదు, ఆ స్టేషనే. ఆ మలుపు, ఆ వంతెన, బళ్ళు పక్కకి తప్పించి ఆపే ఆ లూప్ లైను, లూపులో కదలకుండా నిలబెట్టిన గూడ్సు బండి. రేకుతో చేసిన క్యాబిన్. లోపల మట్టి మనిషి, బొటనవేలంత.

ఎందుకని అడగలేదు నేను. అడిగితే చెప్తారని భయం.

అప్పట్నుంచి రోజూ పదకొండున్నరకి, యాక్సిడెంటైన టైముకే, పిలిచేవారు. రైలు నడిపే డబ్బా నా చేతికిచ్చి, తను క్యాబిన్ పక్కన పీట వేసుకుని కూర్చునేవారు. "నువ్వు డ్రైవరువి. సిగ్నల్ చూసుకుని రా," అనేవారు. చూసేదాన్ని. ఆకుపచ్చే. వచ్చేదాన్ని. రైలు పోయి గూడ్సుకి కొట్టుకుని పక్కకి పడేది. తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ పట్టాల మీద పెట్టేవారు. మర్నాడు మళ్ళీ అదే టైముకి.

అవునమ్మా. ఆకుపచ్చే. మీరిప్పుడు విన్నది నిజం. మీవారు ఎర్ర సిగ్నల్ దాటలేదు.

లేవకండి. దయచేసి. ఇంకా ఉంది.

పోయిన నెల ఆ క్యాబిన్లో ఆకులు పడితే తీద్దామని వంగాను. లోపల రెండో బొమ్మ. ఆడమనిషి. చేతిలో చిన్న క్యారేజీ. తీసి నలిపేశాను. మర్నాటికి ఇంకోటి. దాన్నీ నలిపేశాను. మూడోది నా ముందే చేసి, నా ముందే లోపల పెట్టారు. "నా సంగతి నేను చెప్పుకుంటాను. నీది నువ్వే చెప్పాలి," అన్నారు. తిట్టినట్టు కూడా లేదు. ఆ సాయంత్రమే మీకు ఉత్తరం రాశారు.

ఆ రోజు క్యాబిన్లో నేనున్నాను. బయటివాళ్ళు అడుగు పెట్టకూడదు. అయినా క్యారేజీ వంకతో వెళ్ళాను, మంచాన పడ్డ అత్తగారికి చేయడం ఇక నావల్ల కాదని పోట్లాడటానికి. ఇంట్లో అంటే ఆవిడ వింటుంది కదా? నేను ఏడుస్తున్నాను. ఆయన నాకేసి తిరిగి సర్దిచెబుతున్నారు. చెయ్యి మాత్రం దాని అలవాటున అది పోయి మీట లాగేసింది. గూడ్సు ఆగివున్న లైనులోకే సిగ్నల్ ఇచ్చేశారు. బళ్ళు గుద్దుకున్న చప్పుడయ్యేదాకా ఇద్దరికీ తెలీదు.

ఆయన కొయ్యబారిపోయారు. మీట వెనక్కి తోసింది నేనమ్మా. సిగ్నల్ని ఎర్రగా మార్చింది ఈ చెయ్యే. "ఇవ్వలేదని చెప్పండి. ఎవరడిగినా ఇవ్వలేదనే చెప్పండి," అన్నాను. ఆయన చెప్పారు. అంతే, ఎంక్వైరీ అయిపోయింది.

ఇంకొకటుంది. ఇది మావారికీ తెలీదు.

ఆ రోజు నేను క్యాబిన్ వెనక మెట్లు దిగి మీవారి ఇంజను పక్కనుంచే వెళ్ళాల్సి వచ్చింది. ఇంకో దారి లేదు. మీవారు అప్పటికి పోలేదు. కిటికీలోంచి సగం బయటికి వాలి ఉన్నారు. ఊపిరి ఉంది. నన్ను చూసి, "సిగ్నల్ ఇచ్చారు కదమ్మా?" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. తనదే తప్పేమోనని బెదిరిపోయి అడిగారు.

ఇచ్చారు అంటే సరిపోయేది. ఒక్క మాట. వినడానికి అక్కడ ఇంకెవరూ లేరు కూడా. నేను కొంగు నెత్తిన కప్పుకుని, తల వంచుకుని వెళ్ళిపోయాను.

అదుగో, అదే పెరటి తలుపు. వెళ్ళి ఆయన చెప్పేదీ వినండి. తర్వాత పోలీసుల్ని పిలుస్తారో, నా మొహాన ఉమ్మేసి పోతారో. నేను ఈ కుర్చీలోనే ఉంటాను. ఎక్కడికి పోతాను చెప్పండి.