బస్సులో హెల్మెట్ పెట్టుకున్న మనిషి వాంగ్మూలం

నా వయసు డెబ్బై ఒకటి. చదువు ఏడో తరగతి, అదీ రెండుసార్లు. వృత్తి బండ్ల సీట్లకు కవర్లు కుట్టడం. నా పేరు కార్డులో చూసి పైన రాసుకున్నారు కాని, బజారులో ఆ పేరుతో అడిగితే ఎవరూ చెప్పలేరు. సీట్ల తాత అనాలి. నివాసం మెకానిక్కుల వీధిలో టైర్ల దుకాణం పైన రెండు గదులు. ఈ ఉదయం మార్కెట్ బస్టాపులో ఒక అమ్మాయి వెంటపడుతున్నానని నన్ను పట్టుకుని ఈ స్టేషనుకు తెచ్చారు. వెంటపడిన మాట నిజం. ఆ అమ్మాయి నా కూతురు. ఎస్సైగారు అడిగినమీదట జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. మధ్యమధ్య నవ్వు వస్తే ఏమీ అనుకోకూడదు. పొద్దుటినుంచి ఆపుకుందామన్నా ఆగడం లేదు.

మా అమ్మాయికి పదిహేడేళ్ళు. ఇంట్లో అమ్మడు అంటాం. ఇక మాకు పిల్లలు లేరులే అని సరిపెట్టుకున్నాక పుట్టింది. ఆమెకు ఏదైనా నేర్చుకోవడం నిదానం. వచ్చిందంటే మాత్రం ఇక పోదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్చుకున్న ఏడాది నా చొక్కా గుండీలు కూడా తనే పెట్టేది, నేను ఆఫీసరులా నిలబడేవాణ్ణి. రెండు బడులవాళ్ళు మావల్ల కాదన్నారు. మూడేళ్ళ కిందట ఆసుపత్రి వెనక ఉన్న సహాయ కేంద్రంలో చేర్చాం. చదువులో ప్రత్యేకంగా చెయ్యి పట్టుకోవలసిన పిల్లల కోసం ప్రభుత్వం నడుపుతున్నది అది. అక్కడ మాటల పాఠం, చేతిపనుల పాఠం, బస్సు పాఠం ఉన్నాయి. బస్సు పాఠం చెప్పే ఆవిడను అందరూ బస్సు టీచరు అనే పిలుస్తారు. మొదట పిల్ల పక్కన కూర్చుంటుంది. కొన్నాళ్ళకు వెనక సీట్లోకి, ఇంకొన్నాళ్ళకు బస్సు చివరికి జరుగుతుంది. నంబరు చూసుకోవడం, వేరే బస్సు వస్తే వెనక్కి జరగడం, దారిలో భయమేస్తే మనుషులున్న దుకాణంలోకి వెళ్ళి చెప్పడం, ఇవన్నీ నేర్పుతుంది. ఆవిడను తలుచుకుంటేనే నాకు చేతులు జోడించబుద్ధవుతుంది. ఇది కూడా రాయమని, ఇదంతా రాసుకుంటున్న హెడ్డు కానిస్టేబులుగారిని కోరాను, రాశారు.

పోయిన వారం విద్యాశాఖనుంచి ఒక అధికారిణి వచ్చారు. ఊళ్ళో ఇలాంటి పిల్లలకు అందుతున్న సాయాలన్నీ చూసి, ఏవి ఉంచాలో ఏవి తీసెయ్యాలో తేల్చడం ఆవిడ పని. కేంద్రం హాల్లో తల్లిదండ్రులందర్నీ పిల్లలతో సహా కూర్చోబెట్టారు. మాటల పాఠం ఉంటుందన్నారు. చేతిపనుల పాఠం ఉంటుందన్నారు. బస్సు పాఠం దగ్గర మాత్రం ఆగిపోయారు.

"మూడేళ్ళుగా పిల్లల్ని బస్సుల్లో తిప్పుతున్నారు, బాగుంది. ఒక్కళ్ళయినా ఒంటరిగా వచ్చారా? దారిలో ఏదైనా తేడా వస్తే ఏం చేస్తారో ఎవరైనా చూశారా?" అని అడిగారు.

"పెద్దవాళ్ళు పంపించాలి కదండీ," అంది బస్సు టీచరు.

మేమందరం చెప్పుల వంక చూసుకున్నాం.

"అయితే ఒకళ్ళని పంపించండి. ఇంటినుంచి ఇక్కడికి, మధ్యలో బస్సు మారి. వెంట ఇంట్లోవాళ్ళు ఉండకూడదు, టీచరు ఉండకూడదు. సాయం ఉంటే లెక్కలోకి రాదు. నేను గేటు దగ్గర ఉంటాను. వస్తే పాఠం ఉంటుంది," అన్నారు అధికారిణి.

 నా పక్కన మా అమ్మడు చెయ్యి ఎత్తింది. నేను ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగాను. ఆమె రెండో చెయ్యి ఎత్తింది.

ఈ ఉదయం ఎనిమిదింటికి అమ్మడు బయల్దేరింది. మా ఆవిడ నిన్ననే నాచేత మాట తీసుకుంది. అమ్మడు కూడా గుమ్మంలో నిలబడి, "నాన్నా, నువ్వు ఇంట్లో ఉండాలి," అంది. "ఉంటానమ్మా," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు వినబడుతున్నంతసేపూ ఉన్నాను కూడా. చప్పుడు ఆగిపోయాక నా కాలు నిలవలేదు. మా ఆవిడ మేడ మీద బట్టలు ఆరేస్తోంది. మా బావమరిది నిన్న వచ్చి వదిలేసి వెళ్ళిన రెయిన్ కోటు, నల్లద్దం హెల్మెట్ మేకుకు వేలాడుతున్నాయి. నా చెప్పులు గుర్తుపడుతుందని, వాటి కింద ఉన్న అతని వాన బూట్లు కూడా వేసుకున్నాను. అతని పాదం నా పాదానికి ఒకటిన్నర ఉంటుంది. వాన లేదు. మబ్బు కూడా లేదు.

ఆమె ముందు తలుపు ఎక్కింది, నేను వెనక తలుపు ఎక్కాను. పాసు చూపించింది, డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. నేను చివర సీటు వెనక వంగి కూర్చున్నాను. ఆ సీటు కవరు కుట్టు ఊడి, స్పాంజి బయటికి వచ్చి ఉంది. సూది ఉంటే దిగేలోపు కుట్టేసేవాణ్ణి. కండక్టరు వచ్చి, నా చేతుల ముడతలు చూసి, నెత్తిమీద వేలితో కొట్టాడు.

"తాతా, బస్సు మేం జాగ్రత్తగానే నడుపుతాం. అది తియ్యొచ్చు."

నేను తల అడ్డంగా ఊపాను.

"పోనీ ఆ వాన కోటైనా?"

మళ్ళీ ఊపాను. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. ఒకావిడ తన పిల్లవాణ్ణి ఇటుపక్కనుంచి అటుపక్కకు మార్చుకుంది.

మార్కెట్ దగ్గర అమ్మడు దిగింది. స్టాపు రాకముందే లేచి నిలబడింది, కడ్డీ పట్టుకుంది, దిగింది. నేను బూట్లతో దిగేసరికి బస్సు సగం కదిలింది. అక్కడ ఆమె ఎక్కవలసింది ఆసుపత్రి బస్సు. ముందుగా రైల్వే గేటు బస్సు వచ్చింది. రెండింటికీ అదే రంగు. జనం తోసుకుని ఎక్కుతున్నారు, ఆమెను కూడా తోస్తున్నారు. "అది కాదమ్మా!" అని నా గొంతుదాకా వచ్చింది. పళ్ళు బిగించుకున్నాను. ఆమె తలెత్తి నంబరు చూసింది. తనలో తను చదువుకుంది. వెనక్కి జరిగింది.

అయ్యా, వెనక్కి జరిగిందండీ. అంతమంది తోస్తుంటే జరిగింది. నాకు ఏడుపు ఆగలేదు. హెల్మెట్ లోపల ఏడిస్తే అద్దానికి ఆవిరి పడుతుందని నాకు తెలియదు. ఏమీ కనబడలేదు. తడుముకుంటూ నాలుగడుగులు వేసి, ఎక్కడున్నానో చూసుకుందామని అద్దం లోపలికి వేళ్ళు దూర్చి తుడిస్తే, అమ్మడు నా ఎదురుగా జానెడు దూరంలో ఉంది.

ఆమె పక్కకు జరిగింది. నేనూ కంగారులో అటే జరిగాను. ఆమె ఇటు వచ్చింది. బూట్లు తిరగక నేనూ ఇటే వచ్చాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, గిరుక్కున తిరిగి మందుల దుకాణంలోకి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను.

"అక్కా. ఆ హెల్మెట్ మనిషి నా వెంట పడుతున్నాడు. ఆయనెవరో నాకు తెలీదు. నాకు భయంగా ఉంది. పోలీసుని పిలవండి."

మా అమ్మడు కొత్తవాళ్ళతో ఒక మాట అంటే రెండోది మేం అందించవలసిందే. ఇప్పుడు నాలుగు మాటలు, ఒకదాని వెనక ఒకటి, తడబడకుండా! నేను చప్పట్లు కొట్టాను. కొట్టకూడదని తెలుసు. చేతులు ఆగలేదు.

"సిగ్గు లేకపోతే సరి! పిల్ల వణికిపోతుంటే చప్పట్లు కొడతావా?" అని మందులు కొనడానికి వచ్చిన పెద్దావిడ గొడుగుతో నా నెత్తిన ఒకటి వేసింది. హెల్మెట్ ఉంది కనుక బతికాను. ఈలోగా చౌరస్తాలో ఉన్న కానిస్టేబులుగారు వచ్చి నా కాలరు పట్టుకున్నారు.

"ఏం తాతా, ఈ వయసులో ఇదేం బుద్ధి? తియ్యి ఆ హెల్మెట్."

నేను రెండు చేతులతో హెల్మెట్ గట్టిగా పట్టుకున్నాను. తీస్తే అమ్మడు "నాన్నా!" అంటుంది. అన్నదంటే నా చెయ్యి పట్టుకుంటుంది. పట్టుకుందంటే ప్రయాణం అయిపోయినట్టే, బస్సు పాఠం పోయినట్టే. ఆమెదే కాదు, ఆ హాల్లో కూర్చున్న పిల్లలందరిదీ. దొంగ అననివ్వండి, పోకిరీ అననివ్వండి, నోరు విప్పకూడదని నిర్ణయించుకున్నాను.

కానిస్టేబులుగారు అమ్మడి మెడలో ఉన్న కార్డు చూసి, "భయపడకమ్మా, నేను దింపి వస్తా," అన్నారు.

"వద్దు. నేనొక్కదాన్నే వెళ్ళాలి. మేడమ్ ఎదురుచూస్తున్నారు. మీరు ఈయన్ని గట్టిగా పట్టుకోండి. నేను బస్సు ఎక్కేదాకా వదలొద్దు."

ఆసుపత్రి బస్సు ఒకటి ఈ గొడవలో వెళ్ళిపోయింది. ఇంకొకటి వచ్చేదాకా ఆమె దుకాణం మెట్టు మీద నిలబడింది. అది వచ్చింది. నంబరు చదువుకుని ఎక్కింది. కిటికీలోంచి కానిస్టేబులుగారికి చెయ్యి ఊపింది. నా కాలరు ఆయన చేతిలో ఉంది, నా కళ్ళు ఆ బస్సు మీద ఉన్నాయి. నా బతుకులో అంత సంతోషంగా ఎప్పుడూ నిలబడలేదు.

స్టేషనులో హెల్మెట్ తీసి, ఆ పిల్ల నా కూతురేనని చెప్పాను. ఎస్సైగారు నమ్మలేదు. కేంద్రానికి ఫోను చేశారు. బస్సు టీచరు అరుపు నాకు ఇక్కడిదాకా వినబడింది. అమ్మడు చేరింది. గేటు దగ్గర అధికారిణిగారు ఆలస్యమెందుకైందని అడిగితే, "ఒకాయన వెంటపడ్డాడు. పోలీసుకి పట్టించేసి వచ్చాను," అని చెప్పిందట. ఆవిడ ఆ మాటే మూడుసార్లు చెప్పించుకున్నారట. ఆ వెంటపడినవాడు నేనేనని తెలిశాక మాత్రం, షరతు తప్పారు, ఇది లెక్కలోకి రాదు అన్నారట. 

అరగంట కాకముందే అమ్మడు, బస్సు టీచరు, అధికారిణి ముగ్గురూ ఇక్కడికి వచ్చారు. మా ఆవిడ కూడా వచ్చింది, ఆవిడ అన్నవి హెడ్డుగారు రాయలేదు.

"ఇంట్లోవాళ్ళు వెంట ఉండకూడదన్నాను," అన్నారు అధికారిణి.

"సాయానికి ఉండకూడదన్నారు కదండీ," అన్నారు ఎస్సైగారు. "ఈయన సాయం చేసినట్టు ఎక్కడా లేదు. పిల్లని బెదరగొట్టినందుకే నేను పట్టుకొచ్చాను."

అధికారిణి అమ్మడి వైపు తిరిగారు. "ఆయన మీ నాన్న అని నీకు నిజంగా తెలీదా?"

"నాన్న ఇంట్లో ఉంటానని చెప్పాడు కదా," అంది అమ్మడు. "నాన్న ఎలా అవుతాడు?"

 నా మాట మీద ఆ పిల్లకు అంత నమ్మకం. "తప్పయిపోయిందమ్మా. రేపటినుంచి గుమ్మం దాటను," అన్నాను. "ఎల్లుండి కూడా," అంది అమ్మడు.

అధికారిణిగారు పెన్ను మూత తీశారు. "దారిలో తేడా వస్తే ఏం చేస్తారని నేనే అడిగాను. తెలిసింది," అన్నారు. "ఈయన ఎక్కడా ఏ రకమైన సాయమూ చెయ్యలేదని ఇక్కడ రాయించి సంతకం పెట్టిస్తే, బస్సు పాఠం ఉంటుంది."

అందుకే ఇది చెప్పి రాయిస్తున్నాను. కేసు సంగతి ఎస్సైగారు అడిగితే అమ్మడు ఆలోచించి, "ఈసారికి వదిలెయ్యండి," అంది. తనకు ఒక బస్సు నావల్లే తప్పిపోయిందని కూడా ఇందులో ఉండాలంది. నిజమే, నావల్లే తప్పిపోయింది.

ఈ ఉదయం ఇంటినుంచి కేంద్రందాకా నా కూతురికి నేను మాటతో గాని, సైగతో గాని, చేత్తో గాని ఏ సాయమూ చేయలేదు. ఎక్కడా ఆమెకు నా అవసరం పడలేదు. ఇది హెడ్డుగారు నాకు చదివి వినిపించారు, ఆఖరి రెండు ముక్కలు నేను అడిగి మళ్ళీ చదివించుకున్నాను. అక్షరం అక్షరం నిజమని ఒప్పుకుని, ఎవరి బలవంతమూ లేకుండా, సంతోషంగా సంతకం పెడుతున్నాను.

(సంతకం)
సీట్ల తాత