గుండ్రం కాని వలయం: ప్రొఫెసర్ వెలిజార్ కరాజోవ్ గారి ముప్ఫై ఎనిమిదేళ్ళ కొలువు

1984వ సంవత్సరం సెప్టెంబరు మాసం మూడవ తేదీ, సోమవారం ఉదయం ఏడున్నర గంటలకు డాక్టర్ వెలిజార్ కరాజోవ్ గారు ప్లొవ్‌దివ్ నగరంలోని మా వైద్య విద్యాలయంలో, శరీర నిర్మాణ విభాగంలో, సహాయ అధ్యాపకులుగా బాధ్యతలు స్వీకరించారు. తేదీ నాకింత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, ఆ ముందు రోజు ఆదివారం మా పెరట్లో నలభై కిలోల ఎర్ర మిరపకాయలు, అవే కూరు పెట్టుకునే లావు రకం, కాల్చి తొక్కలు వలిచి సీసాలకెత్తాము. నా వేళ్ళకు మసి ఇంకా వదలలేదు. కొత్తగా వచ్చిన డాక్టరు గారు వాటిని చూసి, ఏదో ఆమ్లం ఒలికి చర్మం మాడిందనుకుని కట్టు గుడ్డ కోసం పరుగెత్తారు. "మిరపకాయల మసి బాబూ, కూర్చోండి" అన్నాను. ఆయన కూర్చున్నారు. అలా మొదలైన పరిచయం నేటికీ అలాగే ఉంది.

నేనప్పటికే పదమూడేళ్ళుగా ఆ విభాగంలో పరిచారికను. శవపరీక్ష గదినుండి వచ్చిన గుండెలను కడగడం, మందులో నానబెట్టి గట్టిపరచడం, గాజు జాడీలలోకి ఎత్తి అలమరలో అమర్చడం నా పని. డాక్టరు గారికి ఇరవై ఏడేళ్ళు, నాకు ముప్ఫై ఎనిమిది. మొదటి వారం "శ్రీమతి జ్లాట్కా గారూ" అని పిలిచారు, రెండో వారానికి "జ్లాట్కా పిన్నీ" అయింది.

హృదయంలోని ద్విపత్ర కవాటమే ఆయన ఆజన్మ అధ్యయన విషయం. కవాటాన్ని తలుపు అని తేలిక చేసి మాట్లాడే విద్యార్థులను ఆయన సహించేవారు కారు. "తలుపైతే బందు ఊడినప్పుడు బందొక్కటే మార్చుకుంటాం. ఇది కాపురం. ఒకరికి జబ్బు చేస్తే మిగతావాళ్ళు కూడా మంచం పడతారు" అనేవారు. ఆ కాపురంలో ముందు పత్రం లోతుగా వేలాడే తెర. వెనుక పత్రం లోతు తక్కువదైనా వలయంలో మూడింట రెండు వంతులు తానే చుట్టుకుంటుంది. రెండింటి అంచులనూ సన్నని తంతువులు కిందికి పట్టి ఉంచుతాయి. ఆ తంతువులను రెండు కండర స్తంభాలు బిగిస్తాయి. వీటన్నిటికీ నట్టిల్లు వలయం. చిన్నతనంలో గొంతు నొప్పితో మొదలైన కీళ్ళవాత జ్వరం ఎన్నో ఏళ్ళకు ఈ ఇంట్లోకి ఎలా వస్తుందో ఆయన జాడీ తరువాత జాడీ ఎత్తి చూపేవారు. ఒకరిలో పత్రాల అంచులు అతుక్కుపోయి, తంతువులు లావెక్కి పొట్టివై, దారి చేప నోరంత ఇరుకవుతుంది. మరొకరిలో వలయం సాగిపోయి, పత్రాలు ఒకదానినొకటి అందుకోలేక, ముందుకు పోవలసిన రక్తం వెనక్కు తిరుగుతుంది. నేను నేల తుడుస్తూ విన్న పాఠాలివి. నేల శుభ్రంగానే ఉన్నా తుడిచిన రోజులున్నాయి.

తొంభై ఒకటి శీతాకాలంలో గంటలు లెక్కపెట్టి కరెంటు ఇచ్చిన సంగతి ఈ వీడ్కోలు సంచిక చదివే పెద్దలకు తెలిసిందే. డాక్టరు గారు పాఠాన్ని కిటికీ దగ్గరికి జరిపి, చేతులకు ఊలు తొడుగులు వేసుకుని, కసాయి దుకాణం నుండి తెచ్చిన గొర్రె గుండెల మీద కోత నేర్పారు. ఒక్క తరగతి కూడా ఎగరగొట్టలేదు. ఆ కాలంలోనే మా అలమరలోని నూటపన్నెండు గుండెలను ఒక్కొక్కటిగా తీసి, కవాట వలయాన్ని అటూ ఇటూ కొలిచి, బొమ్మలు గీసి, శస్త్రవైద్యుల కోసం ఒక పుస్తకం రచించారు. 1993లో అది మూడు వందల ప్రతులు అచ్చయింది. ద్విపత్ర వలయం దాదాపు గుండ్రంగా ఉంటుందని అందులో ఆయన నిర్ధారించారు. ఒక ఫ్రెంచి పుస్తకంలో వేరుగా ఉందని ఎవరో అంటే, "వాళ్ళ దగ్గర పుస్తకం ఉంది, మన దగ్గర నూటపన్నెండు గుండెలున్నాయి" అని నవ్వేశారు. మేమంతా నవ్వాము. గర్వంగానే ఉండేది.

ఇక చెప్పవలసిన సంగతి ఇది. చెప్పమని ఆయనే అన్నారు కనుక చెబుతున్నాను.

1994 మార్చి నెల మొదటి వారం. వసంతం వస్తోందని అందరూ ముంజేతులకు ఎరుపు తెలుపు దారాలు కట్టుకునే రోజులు. గుండె శస్త్రచికిత్స చేసే డాక్టర్ నెవెనా షిష్కోవా గారు కోటు కూడా విప్పకుండా మా గదిలోకి వచ్చారు. కవాటాన్ని బాగుచేయడానికి వేసే వలయాలు బయటి దేశాల్లో తయారయ్యేవి, అప్పట్లో మాకు దొరికేవి కావు. సాగిపోయిన కవాటాన్ని దగ్గరికి తెచ్చేందుకు షిష్కోవా గారు మెత్తని గుడ్డ పట్టీతో తామే వలయం కుట్టుకునేవారు. దానికి అచ్చుగా మన డాక్టరు గారి పుస్తకంలోని కొలతతో ఒక గుండ్రని లోహపు బిళ్ళ చేయించుకున్నారు. అలా బాగుచేసిన ఇద్దరు రోగులు కొన్ని నెలలకే ఆయాసంతో తిరిగి వచ్చారు. ఇద్దరికీ కవాటం ఒకే మూల కారుతోంది.

"నా కుట్టు తప్పా, నీ కొలత తప్పా, వెలిజార్? గురువారం నేనింకో అమ్మాయికి శస్త్రచికిత్స చేయాలి" అన్నారామె.

ఆ అమ్మాయి పేరు ఇస్క్రా. అసెనొవ్‌గ్రాద్‌లో పసిపిల్లల బడి పంతులమ్మ, ఇరవై ఆరేళ్ళు, పెళ్ళై రెండేళ్ళు. పాత కవాటాన్ని బాగుచేయలేకపోతే తీసేసి లోహపు కవాటం పెట్టాలి. అది పెడితే జన్మంతా రక్తం పలచబరిచే మందు మింగాలి. ఆ మందుతో గర్భం ధరించడం తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. లోహపు కవాటం టిక్కు టిక్కుమని పైకి వినబడుతుందని వార్డులో ఎవరో చెప్పారట. "నా రొమ్ములో గడియారం వద్దు డాక్టరమ్మా, నా ఒళ్ళో పిల్ల కావాలి" అని ఇస్క్రా షిష్కోవా గారి చెయ్యి పట్టుకుందట.

డాక్టరు గారు జాడీలు దింపడం మొదలుపెట్టారు. ఇరవై గుండెలు బల్ల మీదికొచ్చాయి. స్కేలు తీసి మళ్ళీ కొలిచారు. అన్నీ గుండ్రమే. "చూడు నెవెనా, అన్నీ గుండ్రంగానే ఉన్నాయి కదా" అన్నారు, ఆమెను ఒప్పించడానికో, తనను తాను ఒప్పించుకోవడానికో.

నేను బకెట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. చెబితే ఆయన పుస్తకం పోతుంది. ఆ నెలాఖరుకే విద్యామండలి ఆయన సహాచార్య పదవిని నిర్ణయించబోతోంది. నా ఉద్యోగం సంగతి చెప్పనక్కరలేదు. చెప్పకపోతే గురువారం వస్తుంది.

"అవి గుండ్రంగా ఎందుకున్నాయంటే, నేను గుండ్రంగా చేస్తాను కనుక, డాక్టరు గారూ" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. బకెట్టు కింద పెట్టి చెప్పాను. డెబ్భై మూడులో అప్పటి పెద్ద ప్రొఫెసరు గారు, పైనుండి ఒక ప్రతినిధి బృందం వస్తున్నదని, ముడుచుకుపోయిన గుండెలు అలమరలో ఉంటే విభాగానికి మర్యాద కాదని, నిండుగా కనబడేట్టు చేయమని నాతో అన్నారు. నాకు తెలిసిన విద్య ఒకటే. మిరపకాయల్లో కూరు కూరినట్టు, మందులో వేసేముందు ప్రతి గుండెలోనూ పైగదినుండి కిందిగదిదాకా దూది బిగించి కూరాను. మూడు వారాలకు గుండె గట్టిపడుతుంది. దూది లాగేసి జాడీలో పెడతాను. ఆకారం అలాగే నిలిచిపోతుంది. ప్రతినిధులు వచ్చి మెచ్చుకుని వెళ్ళారు. మానమని ఎవరూ చెప్పలేదు, నేను మానలేదు. జాడీలో దూది ఉండదు కనుక ఎవరికీ తెలియలేదు.

షిష్కోవా గారు స్టూలు మీద కూలబడ్డారు. "ఇరవై ఏళ్ళుగా మనం నేర్చుకున్నది దూది ఆకారమన్నమాట" అన్నారు.

డాక్టరు గారు చేతిలోని స్కేలు బల్ల మీద పెట్టేశారు. నేను ఏడుపు మొదలుపెట్టబోతుంటే చెయ్యి ఎత్తి ఆపారు. ఆ మాటలు నేను మరిచిపోలేదు. "దూది మీరు పెట్టారు పిన్నీ. స్కేలు నేను పెట్టాను. కొలిచేవాడు ముందు అడగాలి. నేను పదేళ్ళుగా మీ పక్కనే ఉండి ఒక్కసారి కూడా అడగలేదు."

మధ్యాహ్నానికే శవపరీక్ష గదినుండి మందు తగలని పచ్చి గుండె ఒకటి తెప్పించారు. పైగదిని తెరిచి, కిందిగదిలోకి నెమ్మదిగా నీరు ఎక్కించమన్నారు. నేనే ఎక్కించాను. నీరు నిండుతున్న కొద్దీ రెండు పత్రాలూ తీగ మీది తడి దుప్పట్లు గాలికి పొంగినట్టు పొంగి, ఒకదానికొకటి ఆనుకుని మూసుకున్నాయి. వలయం గుండ్రంగా లేదు. బృహద్ధమనికి ఆనుకున్న ముందు వైపు దాదాపు తిన్నగా ఉంది, వెనుక వైపు వంపు తిరిగి ఉంది, అర రొట్టె పెట్టినట్టు. పక్కనుండి చూస్తే ముందూ వెనుకా పైకి లేచి, రెండు మూలలూ కిందికి దిగి ఉన్నాయి. "ఇది గాడిద జీను కదండీ" అన్నాను. డాక్టరు గారు అలమర అడుగునుండి ఆ ఫ్రెంచి పుస్తకం తీసి తెరిచి, చాలాసేపు చదివి, "అదే" అన్నారు.

ఇస్క్రా శస్త్రచికిత్స రెండు వారాలు వాయిదా పడింది. ఆ రెండు వారాల్లో డాక్టరు గారు ఏడు పచ్చి గుండెలను నీటితో నింపి కొలిచారు. రాగి తీగను తమ చేతులతో వంచి షిష్కోవా గారికి కొత్త అచ్చు చేసిచ్చారు. ఆ మధ్యలో వచ్చిన సోమవారం విద్యామండలి ముందు నిలబడి, తన పుస్తకంలోని ప్రధాన నిర్ధారణ తప్పని, తప్పు తన పరిశీలనాలోపమని ప్రకటించి, అమ్ముడుపోని ప్రతులను వెనక్కి తీసుకున్నారు. గుండెలు ఎవరు సిద్ధం చేశారని సభ్యులొకరు అడిగారట. "విభాగం సిద్ధం చేసింది, విభాగంలో నేనున్నాను" అని జవాబిచ్చారట. సహాచార్య పదవి నాలుగేళ్ళు వెనక్కి పోయింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి రెండు పళ్ళేల చిక్కుడు గింజల పులుసు తిన్నారని ఆయన సతీమణి స్నెజానా గారు సంతలో నాతో అన్నారు. "పదవి పోయినవాడికి ఇంత ఆకలేమిటని అడిగితే, పుస్తకం అచ్చయిననాటినుండీ పొట్టలో ఏదో అడ్డు పడినట్టుంది, ఇవాళ పోయింది అన్నారమ్మా" అని చెప్పి, నా చేతిలో ఒక ఉల్లిపాయల కట్ట పెట్టి వెళ్ళారు.

శస్త్రచికిత్స రోజున డాక్టరు గారిని దగ్గర నిలబడమని షిష్కోవా గారు ఆజ్ఞాపించారు. తీగ అచ్చు మీద కుట్టిన పట్టీని వలయానికి కుట్టి, ఆగి ఉన్న గుండెలోకి నీరు ఎక్కించారు. పత్రాలు పొంగాయి, కలుసుకున్నాయి. ఏ మూలా చుక్క కారలేదు. షిష్కోవా గారు చూసి, "వెలిజార్, ఇక నువ్వు ఊపిరి పీల్చుకోవచ్చు, మాస్కు తడిసిపోయింది" అన్నారట. తిరిగి వచ్చిన ఆ ఇద్దరు రోగులకు కూడా ఆమె కొత్త వలయాలు వేశారు. ఒకరికి సరిపోయింది, ఒకరికి లోహపు కవాటం తప్పలేదు. డాక్టరు గారు ఆ రెండో మనిషి ఇంటికి ఏటా శరదృతువులో వెళ్ళి వచ్చేవారు. ఎందుకని నేను అడగలేదు.

తొంభై ఏడు మే నెలలో ఇస్క్రా జున్ను పొరల రొట్టె పళ్ళెం ఒక చేత్తో, ఏడు నెలల పిల్లను ఒక చేత్తో పట్టుకుని మా విభాగానికి వచ్చింది. పిల్లకు డాక్టరు గారి పేరు కలిసివచ్చేట్టు ఏదైనా పెట్టిందేమోనని మేము ఆశపడ్డాము. అత్తగారి పేరు పెట్టింది. అదే పద్ధతి కదా. రొట్టె చాలా బాగుంది.

1998లో సహాచార్యులుగా, 2006లో ఆచార్యులుగా, పిదప విభాగాధిపతిగా ఆయన అధిరోహించిన పదవులను ఈ సంచికలో ఇతరులు నాకన్నా చక్కగా వివరిస్తారు. సరిదిద్దిన పుస్తకం 1999లో వెలువడింది. నాకు తెలిసింది మాత్రం ఇది: కొత్తగా వచ్చిన ప్రతి శస్త్రవైద్య విద్యార్థినీ ఆయన ముందుగా పాత నూటపన్నెండు జాడీల దగ్గరికే తీసుకువెళ్ళేవారు. పారవేద్దామంటే ఒప్పుకోలేదు. ప్రతి జాడీ మీదా తమ చేతివ్రాతతో ఒక చీటీ అంటించారు: "ఇది దూదితో గుండ్రమైంది. చూడండి, కొలవకండి." నేను 2010లో ఉద్యోగం విరమించాను. అప్పటివరకూ ఏ గుండె వచ్చినా మందులో వేసేముందు నన్ను పిలిచి, "పిన్నీ, దీనికి మీరేం చేశారో చెప్పండి" అని అందరి ముందూ అడిగి, నేను చెప్పింది నోటు పుస్తకంలో రాయించేవారు. చదువు తక్కువ మనిషి మాటను చదువుకున్నవాళ్ళ చేత రాయించిన పెద్దలు నా ఎరుకలో ఆయన ఒక్కరే.

2022 జూన్ ముప్ఫైన ఆయన పదవీ విరమణ చేస్తున్నారు. మొన్న మా ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ, తన గుండెను విభాగానికి రాసిచ్చానని చెప్పారు. "దూది కూరనివ్వకండి పిన్నీ" అన్నారు.

నేను మీకన్నా పదకొండేళ్ళు పెద్దదాన్ని, వెలిజార్ గారూ. దూది పట్టుకుని నిలబడడానికి అప్పుడు నేనుండను. నన్ను చూసినవారు కూడా మిగలనంత కాలం మీరుండాలి. మీ మోకాళ్ళు బాగుపడాలి, మీ ద్రాక్షతోట పండాలి, స్నెజానా గారి పులుసు రెండు పళ్ళేలు మీకు ఎప్పటికీ అరగాలి. దూది కథ ఎరిగిన ఆఖరి మనిషి కూడా మరిచిపోయేంత ఆలస్యంగా, బాగా ముడతలు పడిన ముసలి గుండె మా అలమరకు రావాలని, ఆ ముడతలను ఎవరూ సరిచేయకుండా ఉన్నదున్నట్టు కొలుచుకోవాలని, మనసారా కోరుకుంటున్నాను.

జ్లాట్కా మిన్‌కోవా
పూర్వ పరిచారిక, శరీర నిర్మాణ విభాగం