వన్సుమోరుకి సాలని గంగ

"తాతా, మా కాలేజీ ఫంక్షన్‌కి స్టేజీ మీద ఫౌంటెను పెడుతున్నాం. నువ్వు కూడా చిన్నప్పుడు నాటకంలో నీళ్లు పారించావట కదా?"

ఎవులు సెప్పినారే? మీ నాన్నా? ఆడికేటి తెలుసు, ఆడు అప్పటికి పుట్నేదు. కూకో. ఆ కుర్సీ కాదు, అది కిర్రుమంటాది, ఈ పీటమీద కూకో. సిన్నప్పుడేటి, పెళ్లయిన మగోణ్ణి నాను. పెళ్లయి ఏడాది... కాదు కాదు, వైశాఖంలో పెళ్లి, ఇది మార్గశిరం. ఏడాది అవనేదు.

అప్పుడు మన గంజాంని మెడ్రాసు కిందనుంచి తీసీసి ఒరిస్సాలో కలిపీసినారు. కొత్త రాష్ట్రం. బరంపురంలో ఏ అరుగుమీద సూడు, అదే మాట. మనం ఇక్కడే ఉంటామా, ఇచ్చాపురం అవతలకి ఎల్లిపోవాలా అనీసి. మా మేనమామ, అంటే మీ నాయనమ్మ కన్నతండ్రి, ఆయనకి పెద్ద ఇత్తడి కొట్టు. మా నాటకాల జట్టుకి కూడా ఆయనే పెద్ద. ఆయనన్నాడు గదా, "ఎక్కడికీ ఎల్లం. కటకం నుంచి కొత్త ఆపీసర్లు ఒచ్చినారు. ఆళ్లని ముందు కుర్సీల్లో కూకోబెట్టి మన నాటకం ఆడదాం. మనం ఏటో ఆళ్లూ సూస్తారు" అనీసి. నాటకం ఏటంటే, గంగ బూమ్మీదకి దిగడం. మామే శివుడు. లావుపాటి మనిషి, ఒళ్లంతా రాయాలంటే కుంచెడు బూడిద కావాల. మా అక్క మొగుడు, మా బావ, ఆడు భగీరథుడు.

గంగ ఎలాగ దిగాల? ఎప్పుడూ ఏటి సేసీవోళ్లంటే, పైనుంచి నీలంగుడ్డ ఏలాడదీసి ఇద్దరు అటూ ఇటూ ఊపీవోళ్లు. నాకు సిరాకు. గుడ్డ గుడ్డే గదా. నీళ్లే దింపుతాను మామా అన్నాను. మామ నవ్వినాడు, "దింపీది నా నెత్తిమీదే గదరా, సలికాలం" అన్నాడు. బావ ఊరుకున్నాడా? "ఆపీసర్ల ముందు బురద సేస్తాడు. ఈడు కొట్లో ఇత్తడి తోముకుంటే సాలు" అన్నాడు. తోముకుంటే! ఆ మాట గుమ్మం ఎనకనుంచి నా పెళ్లాం ఇన్నాది. అందుకే నాకు ఇప్పటికీ మండుతాది. ఆఖరికి మామ ఒప్పుకున్నాడు. "సెయ్యి. కానీ ఆ రోజు గాని నీళ్లు తప్పినాయంటే మళ్లీ గుడ్డే. నువ్వింక స్టేజీ ఎక్కక్కర్నేదు, కొట్లో కూకో."

నీకు పనికొస్తాది, ఇను. స్టేజీకి పైన అటక. కిరసనాయిలు డబ్బాలు, అప్పుడు ఖాళీ డబ్బా ఊరికే ఇచ్చీవోరు, ఇప్పుడడిగి సూడు, ఆ డబ్బాలు ఒకదానికొకటి తగరంతో మాటేయించి, అతికించి అటకమీద ఎట్టినాను. అక్కణ్ణించి రబ్బరు గొట్టం, శివుడి జటలోకి. గొట్టం సివర ఇత్తడి బిళ్ల, దానికి సూదిబెజ్జాలు. బెజ్జం పెద్దదైతే నీళ్లు దబ్బున పడతాయి. అలాగ కాదు, జల్లులాగ ఎగరాల, వొంగి పడాల. శివుడి పీట కింద గంగాళం, దాని ముందర అట్టతో కొండ. గంగాళంలో గోనెసంచి పరిసినాను. నేకపోతే నీళ్లు మోగుతాయి, పద్యం ఇనబడదు, జనం పద్యానికి గదా ఒచ్చీది! ఇంకోటి, దీపం ఎదరనుంచి ఎడితే నీళ్లు కనబడవే. ఎనక నల్లగుడ్డ, పక్కనుంచి గేసులైటు. అప్పుడు సూడు, సుక్క సుక్కా ముత్తెం.

నీళ్లెన్ని కావాల? బావ పద్యం ఎంతసేపో అంతసేపు. దానికి ఒక వన్సుమోరు కలుపుకున్నాను. మన జనం వన్సుమోరు అనకుండా ఊరుకుంటారేటి? బావకి ముందే సెప్పినాను, "బావా, ఒక్కసారే. మళ్లీ ఎత్తుకున్నావంటే నీళ్లుండవు" అనీసి. "నాకు సెప్పీవోడివా" అన్నాడు, తాంబూలం నవుల్తా ఎల్లిపోనాడు.

ఆ రోజు హాలు నిండిపోనాది. తెలుగోళ్లు, ఒడియావోళ్లు, ముందర ఆపీసర్లు. మేడమీద ఆడోళ్లు, సరిగ్గా మా అటక పక్కన, మధ్య సందులున్న పలకల తడిక. నాను గొట్టానికి బిగించిన కర్రసీల పట్టుకుని అటకమీద. బావ సేతులెత్తినాడు. సీల ఒదిలినాను. దిగినాదే గంగ! మామ జటలోంచి ఎగిరి, వొంగి... హాలంతా "హా" అన్నాది. ముసలోళ్లు దణ్ణాలెట్టినారు. ఒక ఆపీసరు లేసి నిలబడిపోనాడు.

పద్యం అయినాది. వన్సుమోరు. పాడినాడు. మళ్లీ వన్సుమోరు! పైనుంచి సెయ్యి ఊపినాను, ఒద్దనీసి. ఆడు నన్ను సూసినాడే! సూసీ, గొంతు సవరించుకుని మళ్లీ ఎత్తుకున్నాడు, రాగం ఇంకా సాగదీసి. డబ్బాలు గుడగుడమన్నాయి. గంగ సన్నబడి సన్నబడి మామ ముక్కుమీద సుక్కలు పడతన్నాయి. శివుడు ఒక కన్ను తెరిసి పైకి సూసినాడు. "గంగ ఎండిపోనాదిరో!" అన్నాడెవుడో. ఎనకనుంచి ఇంకొకడు "పాణి దియ రే, పాణి!" అనీసి ఒడియాలో, నీళ్లియ్యండ్రా అని. నా పనైపోనాది అనుకున్నాను. నీలంగుడ్డ. కొట్టు.

తడిక సందులోంచి ఒక సెయ్యి ఒచ్చినాది. గాజుల సెయ్యి, మరసెంబుతో. ఆడోళ్లు పిల్లలకి తాగడానికి నీళ్లు తెచ్చుకుంటారు గదా. మీ నాయనమ్మ! పెళ్లయిన కాణ్ణించి నలుగురిలో నాతో మాటాడి ఎరగదు, పిలవాలంటే గాజులు సప్పుడు సేసీది. ఆ మనిషి, అత్తలందరి ముందర, "పట్టు! సూస్తావేటి, పొయ్యి!" అన్నాది.

పోసినాను. ఇంకో సెంబు. కూజా. ఒడియా అమ్మలు కూడా అందించినారు. ఒకదాంట్లో తులసాకులు, ఒకదాంట్లో జీలకర్ర, ఎవులి పిల్లకో కడుపునొప్పి గావాల. బెజ్జాలకి అడ్డంపడతాదనీసి పంచెకొంగుతో వొడగట్టి మరీ పోసినాను. గంగ మళ్లీ లేసినాది. ముందరకన్నా బాగా లేసినాది.

నీలంగుడ్డ మరెప్పుడూ పైకెక్కనేదు. మామ సలికి వణుకుతానే నా వీపు తట్టినాడు. దండ మాత్రం బావకేసినారు. ఆడన్నాడు గదా, "నా గొంతుకి ఆగనేక గంగ రెండుసార్లు దిగినాది" అనీసి! నా పేరు నేదు. మీ నాయనమ్మ పేరు నేదు. ఆ తరవాత ఆడింట్లో నాను మెతుకు ముట్నేదు, ఆడి కొడుకు పెళ్లికి కూడా ఎల్లనేదు. అక్క ఏడిసినాది. ఏడవనీ.

అందుకే నీకు సెప్తన్నాను, పాట ఎంతసేపో పాడీవోణ్ణి అడక్కు. నీళ్లు ఎక్కువే ఎట్టుకో.

ఇంటికెల్లే దారిలో మీ నాయనమ్మని అడిగినాను, "నలుగురిలో నన్ను 'నువ్వు' అనీసినావు గదా" అనీసి. "మా నాన్న నెత్తిమీద నాచేత సన్నీళ్లు పోయించినారు మీరు, దానికేటి సెప్తారు?" అన్నాది. మళ్లీ 'మీరు'! నాను వన్సుమోరు అన్నాను. నవ్వినాది, అననేదు. ఎన్నేళ్లు అడిగినాను... పండక్కి అడిగినాను, రైల్లో అడిగినాను, ఆసుపత్రిలో కూడా... నవ్వీది, అంతే.

సర్లే. ఎల్లు, పొద్దుపోతన్నాది. నీ నీళ్లు సాలాల, తల్లీ.