చోక్ పట్టుకునే మనిషి

ఇంగ్లండులో డెర్బీషైర్ కొండల దిగువన ఒక ఇంటి వెనక కారు షెడ్డు. శనివారం పొద్దున, సన్నగా వాన. రెండు సీట్ల పాత ఆకుపచ్చ స్పోర్ట్స్ కారు బానెట్టు కింద తల దూర్చి కూతురు టెస్సా. చేతిలో టీ పళ్ళెంతో, లోపలికి అడుగు పెడితే ఏం కూలుతుందోనని గుమ్మంలోనే ఆగిపోయిన తల్లి డోరీన్.

"...అలా తల మొత్తం లోపల పెట్టకు టెస్సా. ఆ మూత మెడ మీద పడితే?"

"కడ్డీ దన్నుంది అమ్మా. పడదు."

"కడ్డీలు జారవా?"

"నేను పుట్టకముందు నుంచీ ఉన్న కడ్డీ. ఇంతవరకు జారలేదు."

"జారేదేదైనా అంతకు ముందు జారనిదే."

"టీ ఆ బల్ల మీద పెట్టి ఇలా రా. నాన్న చెప్పింది విన్నాను. నువ్వు కూడా చెప్పు. ఆదివారాలు బండిలో పక్కన కూర్చునేది నువ్వేగా. అసలు ఏం చేస్తోంది ఇది?"

"ఏం చేస్తుంది, చస్తుంది. ఇంటి దగ్గర బాగానే బయల్దేరుతుంది. కాస్త దూరం పోయి వేడెక్కాక ఎక్కడైనా ఆగామా, దగ్గు మొదలు. దగ్గి, వణికి, ప్రాణం వదిలేస్తుంది. వెనక లారీవాడు హారన్ కొడతాడు. నేను కళ్ళు మూసుకుంటాను."

"పరిగెత్తేటప్పుడు?"

"అప్పుడు దానికేం, రాక్షసిలా పోతుంది. ఆగితేనే."

"అంటే ఐడిలింగ్ నిలవట్లేదు. కాలు తీసేసినా ఇంజను తనంతట తాను మెల్లగా తిరుగుతూ ఉండాలి కదా, అది ఉండట్లేదు. మరి ఇంటికి ఎలా వస్తున్నారు?"

"నేను చోక్ పట్టుకుంటాను. ఆ నల్ల బుడిపె లేదూ, దాన్ని వేలెడంత లాగి పట్టుకుంటే ఆగదు, వదిలితే ఆగుతుంది. మీ నాన్నకి ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి గేరు మీద. అందుకే నన్ను తీసుకుపోతాడు. ఈస్టరు నుంచీ ఇదే నా బతుకు."

"నీకు ఈ బండంటే చచ్చేంత భయం."

"భయమా? ఇది శవపేటిక, టెస్సా. చక్రాలు తగిలించారంతే. పైకప్పు కూడా లేదు. పెళ్ళయినప్పటి నుంచీ చెబుతున్నాను."

"ఊరందరికీ చెప్పావు. పోయిన వారం పాదరీగారు కూడా నన్ను పలకరించి, మీ అమ్మ ఇంకా ఆ శవపేటికలోనే తిరుగుతోందా అన్నారు."

"ఏం చెయ్యమంటావు? చోక్ ఎవరు పట్టుకుంటారు?"

"ఇకమీదట ఎవరూ పట్టుకోనక్కర్లేదు. మధ్యాహ్నానికి బాగుచేసి ఇస్తాను. రేపు పాత కార్ల క్లబ్బు వాళ్ళతో కొండ దాటి నాన్న హాయిగా ఒక్కడే పోవచ్చు. నువ్వు ఇంట్లో కాళ్ళు జాపుకుని కూర్చో."

"...అంత తొందరేముంది?"

"ఏంటి?"

"ఏం లేదు. రొట్టె తిను, ఏమీ తినకుండా వచ్చుంటావు. ఒక్కడే పోతాడంటావా, బాగుపడితే?"

"పోడా మరి?"

"పోతాడు. పోయినేడు పోయాడుగా. చీకటి పడ్డా రాలేదు, పైన మంచు. నేను ఆస్పత్రికి ఫోన్ చేశాను, పోలీసులకు చేశాను. సమాధి దగ్గర ఏ పాటలు పాడించాలో పాదరీగారితో కూడా అనుకున్నాను."

"అమ్మా, నాన్న ఆ సాయంత్రమంతా పబ్బులో బాణాల ఆట ఆడుతూ కూర్చున్నాడు."

"అది తర్వాత తెలిసింది. అప్పటిదాకా మీ నాన్న నాకు చచ్చిపోయే ఉన్నాడు. నేను మళ్ళీ అలా కూర్చోలేను."

"అయితే నాన్నతో వెళ్ళు. చోక్ లేకపోయినా వెళ్ళొచ్చుగా."

"నేనా? ఈ శవపేటికలోనా? సరదాకా? తిను నువ్వు. వెన్న అక్కడుంది."

"ఈ వెన్న కత్తి కొనేంటి, ఇలా మెలిపడిపోయింది?"

"చీజ్ గట్టిగా ఉంది."

"చీజ్‌కి స్టీలు కత్తి మెలిపడుతుందా?"

"పాత చీజ్. పెట్రోలు సంగతి చూశావా నువ్వు?"

"చూశాను. పెట్రోలు బాగానే వస్తోంది, ఎక్కడా అడ్డం లేదు. ఇప్పుడు ఇటు చూడు. టోపీల్లా రెండున్నాయి కదా, ఇవే కార్బురేటర్లు. గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజనుకి తాగిస్తాయి. ముందుది ముందు రెండు సిలిండర్లకి, వెనకది వెనక రెండింటికి. లోపలి పిస్టన్‌ని వేలితో లేపి వదులుతాను, విను."

"టక్కుమంది. విరిగిందా?"

"టక్కుమనాలి. అనకపోతేనే అనుమానం. రెండోది... అదీ అంది. పైన నూనె కూడా నిండుగా ఉంది. నాన్న బండిని కన్నబిడ్డలా చూసుకుంటాడు. అందుకే నాకు అర్థం కావట్లేదు. ఇంజను స్టార్ట్ చేస్తున్నాను, నువ్వు కొంచెం వెనక్కి జరుగు."

"జరిగాను. నీ జుట్టు, టెస్సా. ఫ్యానులో పడితే పుర్రె ఊడొస్తుంది."

"ముడేశాను. ఆ రబ్బరు గొట్టం ఇలా ఇవ్వు."

"దాన్ని చెవిలో పెట్టుకుంటున్నావా? చెవి పోతే?"

"ఇలాగే వింటారమ్మా, నాన్నే నేర్పాడు. ఒక కొస చెవికి, ఇంకో కొస కార్బురేటరు నోటికి. రెండూ ఒక్కలా బుసకొట్టాలి. ముందుది పాములా కొడుతోంది. వెనకది... పిల్లి నిద్రపోతున్నట్టుంది. చూశావా, ఆగిపోయింది."

"నేను చెప్పలా? దీనికి ఆయుష్షు తీరింది. వదిలేయి."

"ఆయుష్షు కాదు, స్క్రూ. వెనక కార్బురేటరు ఐడిలింగ్ స్క్రూ ఊడొచ్చేంత వెనక్కి తిరిగుంది. దానంతట అది ఇంత తిరగదు. నెత్తంతా గీతలు. నాన్న స్క్రూడ్రైవరు పెడితే ఇలా ఒక్క గీత పడనిస్తాడా?"

"వణుకుడుకి తిరిగుంటుంది. కొండ దారులు."

"గాడిలో జిడ్డు కూడా ఉంది."

"ఇంజనన్నాక జిడ్డుండదా?"

"ఇంజను నూనె వెన్న వాసన రాదమ్మా."

"టీ చల్లారిపోతోంది."

"నా మొహం చూసి చెప్పు. ఆ కత్తితో ఈ స్క్రూ తిప్పావా?"

"కొంచెమే."

"ఎప్పుడు?"

"ఆదివారం పొద్దున ఆయన గడ్డం గీసుకునేటప్పుడు. ఆయన ఎటు తిప్పుతాడో ఒకసారి చూశాను. ఇటు తిప్పితే హుషారు, అటు తిప్పితే నీరసం. నేను నీరసం వైపు తిప్పుతాను. చెడగొట్టాలని కాదు టెస్సా. నడవాలి, కానీ నేను లేకుండా నడవకూడదు. అంతే."

"నువ్వా? అగ్గిపుల్ల గీయడానికి అగ్గిమాపక దళాన్ని పిలిచే నువ్వు?"

"ప్రతిసారీ పేలుతుందేమోనని కళ్ళు మూసుకుని తిప్పేదాన్ని."

"నాన్నతో, నేనూ వస్తాను అని ఒక్క ముక్క చెబితే పోయేదానికి."

"ఏ మొహంతో చెప్పను? ఇన్నేళ్ళూ శవపేటిక, శవపేటిక అని ఊరంతా చాటి, ఇప్పుడు తలకి రుమాలు కట్టుకుని, పద క్లిఫర్డ్ షికారుకి అననా? మీ నాన్న జన్మంతా ఏడిపిస్తాడు. క్లబ్బులో ఆ నెవిల్ అయితే పాట కడతాడు."

"నీకు నచ్చుతోందా ఏంటి, ఆ షికారు?"

"నచ్చడమేంటి. భయంతో చస్తుంటాను. పైకెక్కాక బండి ఆపి ఫ్లాస్కు తీస్తాం. ఆయన కోడిగుడ్డు రొట్టె తింటాడు, నేను ఆయన నాడి చూస్తాను. గొర్రెలు దగ్గరికొస్తాయి. కరుస్తాయేమోనని అదొక భయం."

"గొర్రెలు కరవవు."

"ఇంతవరకు కరవలేదు. టెస్సా, మీ నాన్నకి చెప్పకు."

"చెప్పను. కానీ నాకొకటి అర్థం కావట్లేదు. బండి శబ్దం కొంచెం మారితే అన్నం మానేసే మనిషి. వెనక స్క్రూ ఊడొచ్చేదాకా ఎలా కనిపెట్టలేదు?"

"తల గోక్కుంటాడు. ఏంటో ఈ ముసలిదానికి అంటాడు. నేను చోక్ లాగుతాను, పోతాం."

"నాన్న? తల గోక్కుని ఊరుకున్నాడా?"

"వయసైపోయింది తల్లీ. చెవులు పోయుంటాయి. తర్వాత కళ్ళు. ఆ తర్వాత..."

"ఆగు ఆగు. స్క్రూ సరిచేశాను. మళ్ళీ స్టార్ట్ చేస్తున్నా. ఇప్పుడు గొట్టం... వెనకది లేచింది. బాగుంది. ఇక... అరె."

"ఆగిపోయింది."

"ఆగిపోయింది. ఇంకా ఏదో ఉంది. ఇంకేం తిప్పావు?"

"ఒట్టు, ఆ ఒక్కటే."

"కత్తితో కాకపోతే చెంచాతో?"

"తల్లితో మాట్లాడే పద్ధతేనా ఇది?"

"ఎక్కడో దొంగగాలి దూరుతోంది. మొక్కల మీద నీళ్ళు చల్లే సీసా ఉందా ఇక్కడ? ఆ. అతుకుల మీద నీళ్ళు చల్లుతాను. ఎక్కడ చల్లినప్పుడు ఇంజను కుదుటపడుతుందో సందు అక్కడున్నట్టు. కాసేపు ఆ చోక్ లాగి పట్టుకో, నీకు అలవాటేగా. వెనకది... ఏం లేదు. ముందుది... విన్నావా?"

"ఊపిరి తీసుకుంది."

"ముందు కార్బురేటరు ఇంజనుకి అతికిన చోట. ఇదిగో, ఈ కింది నట్టు. వేలితో తిరుగుతోంది."

"ఊడిపోతుందా? పెట్రోలు కారితే? నిప్పంటుకుంటే? నేను దాని వెనకే కూర్చుంటాను టెస్సా, నా మోకాళ్ళు అక్కడే ఉంటాయి."

"ఏం అంటుకోదు. దీని మీద ఇంకో నట్టు గట్టిగానే ఉంది. కాస్త గాలి లోపలికి పోతుంది, అంతే. ఎవరో చాలా పద్ధతిగా వదులు చేశారు. ఒక్క గీత లేదు. సరైన పానా పెట్టి, లెక్కగా."

"నెవిల్."

"ఎవరు?"

"ఆ క్లబ్బు నెవిల్. రెండేళ్ళుగా కప్పు మీ నాన్నకే వస్తోందని కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నాడు. నాకు ముందే అనుమానం. మీ నాన్నని కొండ మీద చంపాలని చూస్తున్నాడు."

"నెవిల్‌కి మోకాలి ఆపరేషనమ్మా. తాళం వేసిన షెడ్డులోకి గోడ దూకి వచ్చాడా?"

"మనుషుల్ని పంపించుంటాడు."

"నట్టు బిగించాలి. గోడ మీద పానాలు... ఇదేంటి. ప్రతి పానా వెనకా నాన్న దాని బొమ్మ గీసి పెట్టుకున్నాడు కదా. ఇక్కడ బొమ్మే ఉంది, పానా లేదు. సరిగ్గా ఈ నట్టు కొలత."

"పట్టుకుపోయాడు నెవిల్. సాక్ష్యం లేకుండా."

"నా సంచిలో ఇంకోటి ఉంది. ఇదిగో, అయిపోయింది. ఇప్పుడు చోక్ వదులు."

"వదలనా?"

"వదులు."

"...ఆగలేదు."

"ఆగదు. విను, ఎంత మెత్తగా తిరుగుతోందో. బానెట్టు మీద నీ టీ కప్పు పెట్టినా తొణకదు."

"అవును. తొణకదు."

"అలా దిగాలుగా అనకమ్మా."

"నేనేం అనలేదు. మంచిదేగా. రేపు నాకూ కాస్త తీరిక. టెలిఫోను పక్కన కుర్చీ వేసుకుంటాను."

"ఏంటి తల్లీకూతుళ్ళు, నా బండి బతికిందా?"

"రా నాన్నా. బతికింది. నువ్వే విను."

"క్లిఫర్డ్, వానలో తడిశావు. ఆ కోటు విప్పు, రొమ్ము పడిశం పడితే ఈ వయసులో తిరిగి లేవవు."

"విప్పుతున్నాను డోరీన్. టెస్సా, బాగైందా? అంటే... మొత్తం?"

"మొత్తం. చోక్ అక్కర్లేదు. రేపు నువ్వు ఒక్కడివే పోవచ్చు."

"ఓహో."

"సంతోషం లేదేంటి?"

"ఉంది. ఎందుకుండదు. బాగుచేశావు కదా... ఒకసారి వేడెక్కితే మళ్ళీ తిరగబెడుతుందేమో. ఇలాంటివి తిరగబెడతాయి. పాత బండ్లు."

"తిరగబెట్టదు. నాన్నా, కోటు కొక్కేనికి తగిలిస్తే టంగుమందేంటి?"

"కళ్ళద్దాలు."

"కళ్ళద్దాలు నీ ముక్కు మీదే ఉన్నాయి."

"క్లిఫర్డ్, జేబులో ఏముంది? మందు సీసాలా? డాక్టరు ఏమన్నాడు? నాకు చెప్పకుండా వెళ్ళావా?"

"డాక్టరు కాదు డోరీన్, కంగారుపడకు. తియ్యకు, నేను..."

"పానా."

"అదేనమ్మా, గోడ మీద లేనిది. నాన్నా, ఆ నట్టు నువ్వే వదులు చేశావా?"

"కొంచెమే."

"నీ బండిని నువ్వే? ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పను టెస్సా. ఈస్టరు నాడు బండి నిజంగానే మొరాయించింది. మీ అమ్మ వచ్చి చోక్ పట్టుకుంది. కొండ మీద ఫ్లాస్కు విప్పింది, గొర్రెల్ని తిట్టింది, నా నాడి చూసింది. మర్నాడే బాగుచేశాను. చేశాక ఆలోచిస్తే, బండి బాగుంటే మీ అమ్మ ఎక్కదు కదా. డోరీన్, ఆ కత్తెందుకు పట్టుకున్నావు?"

"వెన్న కత్తి. రొట్టెకి. టెస్సా."

"ఏంటమ్మా?"

"నెవిల్ వాళ్ళకి నేను ఎందుకొచ్చానో ఏదో ఒకటి చెప్పుకోవాలి. వెళ్ళేముందు ఆ నట్టు కాస్త వదులు చేసి పో."