నిద్రపోతున్న వైరస్‌ను చచ్చిందని రాయని చేయి

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీ ఉదయం కంటి ఆసుపత్రి పరిశోధనా విభాగంలో కనిష్ఠ పరిశోధకురాలిగా ప్రవేశించిన మా మేడం గారికి, ఆనాడు కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు. ఉన్న ఒక్క ఎత్తుపీట మీద సూక్ష్మదర్శిని ఉండటంతో నిలబడే పని మొదలుపెట్టారు. "కుర్చీ తెప్పిస్తాను, అందాకా ఆగండమ్మా" అన్న నర్సక్కతో, "నాకోసం రోగి కన్ను ఆగుతుందా అక్కా?" అన్నారట. నాటినుండి నేటి విరమణ దినం వరకు, ఎవరు ఆగమన్నా ఆగకపోవడమే వారి ఉద్యోగధర్మమైంది.

వారు ఎంచుకున్న ప్రత్యర్థి హెర్పిస్ వైరస్. అది కంటి ముందుపొర మీద కొమ్మల ఆకారంలో పుండు వేస్తుంది. మందు వేస్తే పుండు మానుతుంది గాని, వైరస్ నరం మొదట్లోకి పోయి పడుకుని, ఎప్పుడో మళ్ళీ లేస్తుంది. ఎర్రబడిన కంటికల్లా స్టెరాయిడ్ చుక్కలు వేసి పంపే అలవాటు బలంగా ఉన్న ఆ రోజుల్లో, అవి రోగికి హాయినీ ఈ పుండుకు బలాన్నీ ఇస్తాయని వాదించి, పుండును మెరిపించి చూపే రంగుచుక్క వేసి నీలికాంతిలో చూడనిదే ఏ కంటికీ మందు రాయరాదన్న నియమాన్ని నిలబెట్టారు. పెద్ద వైద్యులు నొచ్చుకున్నారు. మేడం గారు వెనక్కి తగ్గలేదు. ఇంట్లో మాత్రం అత్తగారు, "జనం కళ్ళన్నీ చూస్తావు, నా కళ్ళజోడు ఎక్కడ పడిందో చూడవేమే" అని ఆటపట్టించేవారు.

అసలు పరీక్ష తరువాతి దశాబ్దంలో ఎదురైంది. పుండు మానాక కూడా రోజూ వైరస్‌ను అణిచే మాత్ర వాడితే వ్యాధి తిరగబెట్టడం తగ్గుతుందా అని తేల్చడానికి, రోగులను ఏడాదిపాటు గమనించాలని మేడం గారు కోరారు. నాటి సంచాలకులు మూడు నెలలు చాలన్నారు.

"మానిన కళ్ళను మళ్ళీ మళ్ళీ చూడటానికి మనకేం పనిలేదా? నయమైందని రాసి ముగించండి. లేదంటే గది ఖాళీ చేయండి."

చివరి మాట సంచాలకులు కూర్చునే సమీక్షా సంఘానిది; అది ఒప్పుకోకపోతే అధ్యయనం పోతుంది. పుండు పదేపదే తిరగబెట్టి, మిగిలిన కాస్త చూపుతో సూదిలో దారం ఎక్కిస్తున్న మా దర్జీ అక్క వంటి రోగుల ఆశ కూడా దానితోపాటే పోతుంది.

సరిగ్గా సమీక్ష నాటి ఉదయం మేడం గారి పై పెదవి మీద పొక్కుల గుత్తి లేచింది. హెర్పిస్ అంటేనే మనిషి నడవడిని శంకించే లోకం. నర్సక్క కంగారుగా మాస్కు తెచ్చింది.

"పెట్టుకోండమ్మా. వాళ్ళ నోళ్ళు మంచివి కావు."

"రోగుల దగ్గరైతే పెట్టుకుంటానక్కా. వీళ్ళ దగ్గరెందుకు?" అని మాస్కును కోటు జేబులో దోపుకుని లోపలికి నడిచారు.

సంచాలకుల చూపు ఆ పెదవి దగ్గరే ఆగిపోయింది. "ఒంట్లో బాగోలేనట్టుంది. ఇంకో రోజు పెట్టుకుందామా?"

"బాగానే ఉన్నానండి. కంటిని తినే వైరస్సే ఇది కూడా. పోయినేడు వచ్చి, వారంలో మానింది. మూడు నెలలకు చూసుంటే నన్నూ నయమైనవాళ్ళలో కలిపేసేవారు. నిద్రపోతున్నదాన్ని చచ్చిందని రాయమంటే నా చేయి రాయదండి. గది కావాలంటే తీసుకోండి."

గది తీసుకున్నారు. ఏడాది ఇచ్చారు.

నడవా చివర, విరిగిన కుర్చీలు పడేసే మెట్లకింది చోటును ఊడ్పించి, అక్కడే ఆ అధ్యయనాన్ని పూర్తిచేశారు. వెలుతురు చొరకుండా నల్లతెర కుట్టి ఇచ్చింది దర్జీ అక్కే. "తెర సంగతి నేను చూస్తాలెండి, మీరు కన్ను చూడండి" అంది. మాత్ర వాడినవారిలో వ్యాధి తిరగబెట్టడం స్పష్టంగా తగ్గింది. మానేశాక కొందరిలో మళ్ళీ లేచింది. ఈ రెండో మాటను నివేదిక అడుగున చిన్న అక్షరాల్లో వేద్దామంటే మేడం గారు ఒప్పుకోలేదు. విభాగాధిపతి అయ్యాక పెద్ద గది ఇస్తామంటే, "ఇక్కడ నాకు చీకటి బాగా కుదిరిందండి" అని అక్కడే ఉండిపోయారు.

ఆ మెట్లకింది గదిలోనే మానిన కళ్ళను చూసే మంగళవారపు క్లినిక్‌ను వారి విరమణతో ఎత్తివేయాలన్న ఆలోచన ఉన్నట్టు వినవస్తోంది. వారి శిష్యులమైన మేము సవినయంగా తెలియజేసుకునేది ఒకటే: వచ్చే మంగళవారం ఆ నల్లతెర వెనుక నీలిదీపం వెలుగుతుంది. గది కావాలంటే తీసుకోవచ్చు.

మేడం గారు సంపూర్ణ ఆరోగ్యంతో, చల్లని చూపుతో, తమవారి నడుమ నిండు నూరేళ్ళు వర్ధిల్లాలి. అయితే ఒకసారి రాసి ముగించడం వారు మాకు నేర్పిన పద్ధతి కాదు కనుక, ఏడాదికోసారి మెట్లకింది గదికి వచ్చి కనబడాలి. బాగున్నారని కళ్ళారా చూశాకే రాసుకుంటాం.