పదకొండు ఫోన్లు

నెల సగం గడవకముందే ఇంటి వైఫై డేటా అయిపోయింది. చేపల వేటకు పోయేముందు సముద్రం మీద గాలి ఎట్లుందో ఫోన్లో చూసుకునే దారి లేక పడవ యజమాని కూతురి మీద విరుచుకుపడ్డాడు.

“అంతా నీ సినిమాలకే తగలేసినావు గదా!”

“నేను గాదు నాయనా. ఇదో చూడు, మన వైఫైకి పదకొండు ఫోన్లు తగులుకోనుండాయి. మనవి మూడే.”

“ఏ ఎదవలకు చెప్పినావే పాస్‌వర్డు?”

“పడవ నంబరు పెట్టమనింది నువ్వే. అది పడవ మీద మూరెడు అంకెల్లో ఉండాది. రేవంతా అదే కొట్టి చూసినట్టుండారు.”

ఆయన వాకిట్లోకి చూశాడు. ఎనిమిది మంది ఇంటి ముందు ఇసుకలో లాగిపెట్టిన ఆయన పడవకే ఆనుకుని ఫోన్లు నొక్కుతూ ఉన్నారు.

“అంతమందిలో ఒక్కడన్నా గాలి చూసినాడా? మార్చెయ్యి! నీ పేరు పెట్టు!”

“అదీ పడవ మీదనే రాయించినావు గదా నాయనా.”