నాలుగింటి అదురు

గ్రెనడా దీవి ఉత్తర తీరంలో, ఊరంతా ‘టాంటీ’, అంటే అత్త, అని పిలిచే ఒక ముసలావిడ పెరడు. సముద్రం అడుగున జెన్నీ అనే అగ్నిపర్వతం కదిలితే ఆ అదురును పట్టే యంత్రం అక్కడ పాతి ఉంది. దాన్ని చూసుకునే ఉద్యోగి వచ్చాడు.

“టాంటీ, నెల్రోజులుగా యంత్రం గీసే గీత ఎంత సాఫీగా వస్తోందో! మొన్న జెన్నీ కదిలితే ఒక్క వణుకూ తప్పిపోలేదు.”

“మా ఆయన ఆల్ఫియస్ పోయి నెలయింది.”

“అయ్యో... నాకెవరూ చెప్పలేదు టాంటీ.”

“రోజూ నాలుగింటికి ఈ పెరట్లోనే చెక్కబల్ల మీద ఎండిన కోకో గింజలు మెరుపెక్కేలా కాళ్ళతో తొక్కేవాడు. ఆ అదురుకి జెన్నీ వినబడట్లేదని నువ్వెన్నిసార్లు పోట్లాడావు?”

“బుద్ధి లేక అన్నాను.”

“ఆయన అడుగుల గీతలు మీ దగ్గరున్నాయా?”

“లేవు. రొద అని ఎప్పటికప్పుడు తీసేసేవాళ్ళం.”

“అవున్లే. మీకు జెన్నీ గురకే ముద్దు.”

అతను వంగి యంత్రం మూత బిగించసాగాడు.

“రేపట్నించి నాలుగింటికి నేను తొక్కుతా.”

“బల్ల ఖాళీగా ఉంది, కోకో అంతా ఇచ్చేసినట్టున్నావు. గింజలేవి?”

“ఉత్త బల్లే తొక్కుతా. ఈసారి తీసెయ్యకు. ఏ రోజైనా నాలుగింటికి గీత సాఫీగా వచ్చిందనుకో, జెన్నీని వదిలేసి వచ్చి నా తలుపు తట్టు.”